ఆట మానేశాక మైకు, ఆపైన నల్లకోటు

వనపర్తి జిల్లా వీపనగండ్ల మండలంలో కబడ్డీయో వాలీబాలో బాగా ఆడే పిల్లలకు ఇంట్లోవాళ్లు చూపించే దారి ఒకటే, స్పోర్ట్స్ కోటాలో సర్కారు కొలువు. మంచి దారే. కానీ ఆ కొలువులు కొన్నే, ఆడేవాళ్లు చాలామంది. ఇంకో దారి కూడా ఉందని చెప్పడానికి ఆస్ట్రేలియాకు చెందిన క్రెయిగ్ ఫోస్టర్ గురించి రాస్తున్నాను.

ఫోస్టర్ 1969లో లిస్మోర్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. దేశం తరఫున 29 ఫుట్‌బాల్ మ్యాచులు ఆడారు, కెప్టెన్‌గానూ చేశారు. ఆట ముగిశాక ఎస్‌బీఎస్ టీవీలో విశ్లేషకుడిగా చేరి 2020 దాకా ఏళ్ల తరబడి కొనసాగారు. ఆ గొంతు అక్కడ ఇంటింటికీ తెలుసు. అది ఎంత విలువైనదో 2018 నవంబరులో తేలింది.

హకీం అల్ అరైబీ బహ్రెయిన్ ఫుట్‌బాల్ ఆటగాడు. స్వదేశంలో వేధింపులు తట్టుకోలేక అప్పట్లో ఆస్ట్రేలియాలో శరణార్థిగా ఉండేవాడు. కొత్తగా పెళ్లయి భార్యతో థాయిలాండ్ వెళ్తే, బ్యాంకాక్ విమానాశ్రయంలోనే పట్టుకుని జైల్లో పెట్టారు. పోలీస్ స్టేషన్ ధ్వంసం చేశాడని బహ్రెయిన్ కోర్టు అంతకుముందే, అతను లేకుండానే పదేళ్ల శిక్ష వేసి ఉంది. ఆ ఘటన జరిగిన రోజు తాను మ్యాచ్ ఆడుతున్నానని, అది టీవీలో కూడా వచ్చిందని హకీం మొత్తుకున్నాడు. ఫోస్టర్ ఊరుకోలేదు. టీవీల్లో అడిగారు, జైలుకెళ్లి హకీంను కలిశారు, జ్యూరిక్‌లోని ఫిఫా గడప తొక్కారు, ఆటగాళ్ల సంఘాలను కదిలించారు. ఎందరో కలిసి తెచ్చిన ఒత్తిడితో 2019 ఫిబ్రవరిలో హకీం విడుదలై మెల్‌బోర్న్ చేరాడు. 2021లో తాలిబన్ల చేతికి చిక్కకుండా అఫ్గాన్ మహిళా ఫుట్‌బాలర్లను బయటికి తెచ్చిన ప్రయత్నంలోనూ ఫోస్టర్ ఉన్నారు.

మన పిల్లలు ఇందులో చూడాల్సింది పేరుప్రతిష్ఠలను కాదు, మాట నేర్పును. స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానల్ 2018లో మొదలయ్యాక క్రికెట్‌కూ కబడ్డీకీ తెలుగు వ్యాఖ్యానం మామూలైంది. ఊళ్లో టోర్నమెంటు జరిగితే మైకు అడిగి తీసుకోండి. ఫోన్లో రికార్డు చేసుకుని మళ్లీ వినండి. పాలమూరు యాస దాచుకోనక్కర్లేదు, స్పష్టత ఉంటే చాలు.

మైకుకు బలం చట్టం తెలిస్తేనే. గణితంలో పీహెచ్‌డీ చేసి కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన కె. బాలగోపాల్, తర్వాత లా చదివి హైకోర్టులో పేదల కేసులు వాదించారు. ఆలస్యమైందని ఆగలేదు. ఇంటర్ తర్వాత ఐదేళ్లు, డిగ్రీ తర్వాత మూడేళ్లు లా కోర్సు ఉంది. రెంటికీ లాసెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. పట్టా చేతికొచ్చాక బార్ కౌన్సిల్లో పేరు నమోదు చేసుకుని, ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. హక్కుల పనిలో మొదటి ఏళ్లు డబ్బు రాదు. ఫోస్టర్‌కు టీవీ ఉద్యోగం తిండి పెట్టింది. మీరూ పీఈటీ కొలువో కోచింగో ఒకటి చేతిలో ఉంచుకుని దిగండి.

పాలమూరు నుంచి వలసపోయి కూలి డబ్బులు అందక తిరిగొచ్చేవాళ్ల కష్టం మీకు కొత్త కాదు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే వచ్చింది, 2025లో కొత్త కార్మిక కోడ్‌లో కలిసిపోయింది. వెట్టిచాకిరీ నిషేధ చట్టం 1976 నాటిది. అవి తెలిసినవాళ్లే ఊళ్లల్లో తక్కువ. న్యాయ సేవాధికార సంస్థలు లా పట్టా లేనివాళ్లనూ పారా లీగల్ వాలంటీర్లుగా తీసుకుని శిక్షణ ఇస్తాయి. వనపర్తి కోర్టుకు వెళ్లి ఎంపిక ఎప్పుడో కనుక్కోండి. ఉచిత న్యాయ సాయానికి 15100 నంబరు ఉంది, దాన్ని మీ వాడకట్టులో అందరికీ చెప్పండి.