కుకీ ఎవర్ని లెక్కపెడుతుంది?

ఫెస్ట్ వెబ్‌సైట్ చేసిన ప్రతి టీమ్ దగ్గరా స్పాన్సర్లకి చూపించే స్లైడ్ ఒకటుంటుంది: "ఈ నెల మా సైట్‌కి ఇంతమంది యూజర్లు!" గూగుల్ అనలిటిక్స్ స్క్రీన్‌షాట్ కదా, ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. అసలు ఆ అంకె ఎలా పుడుతుందో చూద్దాం. నెట్‌వర్క్స్ సబ్జెక్ట్ ఇంకా రాని ఫస్ట్ ఇయర్ వాళ్ళకీ అర్థమవుతుంది, పక్కన ఒక బ్రౌజర్ తెరిచి పెట్టుకుంటే చాలు.

వెబ్‌కి పుట్టుకతోనే మతిమరుపు. బ్రౌజర్ ఒక పేజీ అడుగుతుంది, సర్వర్ ఇస్తుంది, అంతటితో ఇద్దరి పరిచయం అయిపోతుంది. రెండు సెకన్ల తర్వాత అదే బ్రౌజర్ ఇంకో పేజీ అడిగినా సర్వర్‌కి అది కొత్త మొహమే. 1994లో నెట్‌స్కేప్ కంపెనీ ఇంజనీర్ లూ మోంటులీ దీనికి ఒక ఉపాయం చేశాడు. గుడి ముందు చెప్పుల స్టాండ్ గుర్తు తెచ్చుకోండి. అక్కడి మనిషి మన పేరు అడగడు, ఊరు అడగడు. ఒక టోకెన్ చేతిలో పెడతాడు. తిరిగొచ్చి అది చూపిస్తే మన జత మనకిస్తాడు. సర్వర్ కూడా అంతే, ఒక చిన్న టెక్స్ట్ ముక్క ఇచ్చి "దాచుకో, మళ్ళీ వచ్చినప్పుడు చూపించు" అంటుంది. అదే కుకీ. షాపింగ్ కార్ట్, లాగిన్, అన్నీ దీని మీదే నడుస్తాయి.

అనలిటిక్స్ టూల్స్ ఇదే టోకెన్‌ని తలలు లెక్కపెట్టడానికి వాడుకున్నాయి. సైట్ చేసినవాళ్ళు ప్రతి పేజీలో ఒక స్క్రిప్ట్ పెడతారు (కాపీ పేస్టే, మనందరికీ తెలిసిన విద్యే). పేజీ తెరుచుకోగానే 'అండర్‌స్కోర్ జీఏ' అనే కుకీ ఉందా అని అది వెతుకుతుంది. లేకపోతే అప్పటికప్పుడు ఒకటి తయారుచేస్తుంది. మీరే చూడొచ్చు. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, అప్లికేషన్ ట్యాబ్‌లో కుకీస్ అన్నచోట వెతకండి. జీఏ1.1.1234567890.1700000000 లాంటి వరస కనిపిస్తుంది. చివరి రెండు అంకెలే ముఖ్యం. మొదటిది ఊరికే పుట్టించిన ర్యాండమ్ నంబర్. రెండోది టైమ్, 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు. 1700000000ని మన టైమ్‌లోకి మారిస్తే 2023 నవంబర్ 15 తెల్లవారుజాము 3 గంటల 43 నిమిషాల 20 సెకన్లు. అంటే ఆ బ్రౌజర్ ఆ సైట్‌లో మొదటిసారి అడుగుపెట్టిన క్షణం అక్కడ రాసి ఉంటుంది. మనం ఎప్పుడో మర్చిపోయిన రాత్రి దానికి సెకన్లతో సహా గుర్తుంది. మామూలుగా ఈ కుకీకి స్క్రిప్ట్ అడిగే ఆయుష్షు రెండేళ్ళు (బ్రౌజర్ అంతకన్నా తగ్గించొచ్చు), తిరిగి వచ్చిన ప్రతిసారీ ఆ గడువు మళ్ళీ మొదలు.

ఆ తర్వాత పేజీ మారినప్పుడల్లా స్క్రిప్ట్ ఆ నంబర్‌తోపాటు పేజీ అడ్రస్, ఎక్కడి నుంచి వచ్చారు, స్క్రీన్ సైజ్, భాష లాంటివి గూగుల్ సర్వర్‌కి పంపిస్తుంది. అరగంట కదలిక లేకపోతే ఆ సెషన్ ముగిసినట్టు లెక్క.

ఇక్కడే అసలు విషయం. టోకెన్ ఇచ్చింది బ్రౌజర్‌కి, మనిషికి కాదు. లాగిన్ లేని సైట్‌లో ఫోన్‌లో ఒకసారి, లాప్‌టాప్‌లో ఒకసారి, ఇన్‌కాగ్నిటోలో ఒకసారి చూస్తే మీరొక్కరే ముగ్గురు యూజర్లు. అదే ల్యాబ్‌లో ఒకే సిస్టమ్, ఒకే లాగిన్ మీద మూడు బ్యాచ్‌లు కూర్చుంటే అందరూ కలిసి ఒక్కరు. ఐఫోన్ వాళ్ళది ఇంకో కథ. స్క్రిప్ట్ పెట్టిన కుకీని సఫారీ ఏడు రోజులకి మించి ఉంచదు. పది రోజులకోసారి వచ్చే పాత పాఠకుడు ప్రతిసారీ కొత్తవాడే.

"కుకీ అంటే సైట్ సైట్‌కీ మన వెనకాలే వస్తుంది" అని చాలామంది భయం. అలా తిరిగేవి ప్రకటనల కంపెనీలు పెట్టే థర్డ్ పార్టీ కుకీలు. సఫారీ 2020లో వాటిని పూర్తిగా ఆపేసింది. అనలిటిక్స్ కుకీ మాత్రం మీరు చూస్తున్న సైట్ పేరు మీదే ఉంటుంది, పక్క సైట్‌లో మీకు వేరే నంబర్. అందుకే ఆ నిషేధాలు దీనికి తగల్లేదు. అలాగని అడక్కుండా పెట్టేయొచ్చా? యూరప్‌లో కుదరదు. ముందే టిక్ పెట్టి ఉంచిన బాక్స్ అనుమతి కిందికి రాదని అక్కడి అత్యున్నత కోర్టు 2019లో తీర్పిచ్చింది. మన దగ్గర 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. నా మటుకు నాకు, కాలేజీ క్లబ్ సైట్‌కి రెండేళ్ళ నంబర్ అవసరమే లేదనిపిస్తుంది. ఏ పేజీ ఎన్నిసార్లు తెరుచుకుందో సర్వర్ లాగ్ ఎలాగూ చెప్తుంది, ఎవరికీ టోకెన్ ఇవ్వకుండానే.

మన పత్రిక దగ్గరికొస్తే, లాగ్‌కీ కుకీకీ ఇద్దరికీ దొరకని పాఠకులే ఎక్కువేమో. వాట్సాప్‌లో చేతులు మారే పీడీఎఫ్‌లో ఆ స్క్రిప్ట్ ఉండదు. మెస్‌లో ఒక ఫోన్ చుట్టూ నలుగురు చేరి కథ చదివితే ఏ డాష్‌బోర్డ్‌కీ తెలీదు. కాబట్టి "కవితలు ఎవరూ చదవట్లేదు, పేజీలు తగ్గిద్దాం" అని ఎవరైనా గ్రాఫ్ పట్టుకుని మీటింగ్‌కి వస్తే, ఆ కింద యూజర్స్ అని రాసున్నచోట బ్రౌజర్లు అని చదివి, అప్పుడు ఓటు వేయండి.