తుఫాను ఎక్కడ దాటుతుందో కాదు, మనకెన్ని గంటలున్నాయో చూడండి

కోతల టైములో అల్పపీడనం వార్త రాగానే నాకు వచ్చే ఫోన్లన్నిటిలో ఒకటే ప్రశ్న: "తమ్ముడూ, ఎక్కడ దాటుద్దంట?" ఒకప్పుడు నేనూ అదే అడిగేవాణ్ని. ఆ ఒక్క ప్రశ్న పట్టుకునే 2023 డిసెంబరులో ఎకరం పంట పోగొట్టుకున్నాను. వీడియోలో మ్యాప్ మీద చూపించిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేను చేసిన తప్పు

మాది బాపట్ల దగ్గర. రెండెకరాల్లో దేశవాళీ వరి. మిచౌంగ్ ఇంకా వాయుగుండంగా ఉన్నప్పుడు వాతావరణ శాఖ "4వ తేదీ సాయంత్రానికి చెన్నై – మచిలీపట్నం మధ్య" అని చెప్పింది. ఆ రెండింటి మధ్య దూరం సుమారు 350 కిలోమీటర్లు. మధ్యలో మేమూ ఉన్నాం. నా చెవికి మాత్రం చెన్నై ఒక్కటే వినపడింది. ఒక ఎకరం కోయించి పనల మీద ఉంచాను. తర్వాతి బులెటిన్లలో అది నెల్లూరు – మచిలీపట్నం మధ్యకి, 5వ తేదీకి మారింది. చివరికి 5వ తేదీ మధ్యాహ్నం బాపట్ల దగ్గర్లోనే దాటింది.

పనలు నీళ్లలో నాని మొలకలొచ్చాయి. కోయని ఎకరం పడిపోయింది గానీ, నీళ్లు తీసేసి దుబ్బులు లేపి కట్టాక సగం పైనే చేతికొచ్చింది. బియ్యానికి ముందే డబ్బు కట్టినవాళ్లకి తిరిగి పంపాల్సొచ్చింది. డిప్లొమాలో ఈ పాఠాలన్నీ చదివి పాసైనవాణ్నే. శాఖ తప్పు చెప్పలేదండి, నేనే సగం విన్నాను.

మ్యాప్ ఎలా చదవాలి

మ్యాప్‌లో మధ్య గీత కాదు, దాని చుట్టూ వెడల్పయ్యే గరాటు లాంటి భాగం చూడండి. తుఫాను కేంద్రం అందులో ఎటైనా వెళ్లొచ్చు. 24 గంటల ముందు చెప్పిన చోటుకీ అసలు చోటుకీ సగటున 70–80 కిలోమీటర్ల తేడా ఉంటుంది. బాపట్ల నుంచి మచిలీపట్నం దూరం దాదాపు అంతే! 72 గంటల ముందైతే తేడా ఇంచుమించు రెట్టింపు.

2022 మేలో అసని తీరానికి రాకుండా ఒడిశా వైపు సముద్రంలోనే మలుపు తిరుగుతుందని మొదట అంచనా. కానీ బలహీనపడి మచిలీపట్నం – నరసాపురం మధ్యకే వచ్చింది. 2021 డిసెంబరులో జవాద్ దీనికి తిరకాసు: ఉత్తరాంధ్ర అంతా సిద్ధమయ్యాక సముద్రంలోనే నీరసించింది.

ఇంకో మాట. తీరం దాటే చోటు వేరు, వాన దంచే చోటు వేరు. మిచౌంగ్ దాటింది బాపట్ల దగ్గర, చెన్నై మునిగింది అంతకు ముందు రోజే.

గంటల లెక్కన ఏం చేయాలి

అల్పపీడనం అనగానే: కొత్తగా కోసి పనలు వేయడం ఆపండి. మురుగు కాల్వలు బాగుచేయండి. పట్టాలు ఎన్ని ఉన్నాయో, ఎన్ని చిరిగాయో చూసుకోండి. జీవామృతం పిచికారీ వాయిదా వేయండి, వానకి కొట్టుకుపోతుంది.

72 గంటల ముందు: గింజ గట్టిపడిందా, మిషన్ దొరుకుతుందా, వడ్లు ఆరబోసి కప్పే చోటు ఉందా? మూడూ ఉంటేనే కోయండి. ఒక్కటి లేకపోయినా కోయొద్దు, మడిలో నీళ్లు తీసేయండి. కోసిన పన కంటే నిలబడ్డ పైరే నయం.

48 గంటల ముందు, పసుపు హెచ్చరిక: పనలుంటే మెరక మీద కుప్ప వేసి కప్పండి. అరటికి ఊతాలు పెట్టండి. విత్తనాలు అటక మీదకి చేర్చండి.

24 గంటల ముందు, నారింజ హెచ్చరిక: పశువుల్ని గట్టి కొట్టంలోకి మార్చండి. ఆ తర్వాత చేనుకెళ్లొద్దు. గాలి ఒక్కసారిగా ఆగినా బయటకి రావద్దు, కన్ను దాటుతుండొచ్చు. రెండోవైపు గాలి మళ్లీ కొడుతుంది.

దాటాక: ముందు నీళ్లు తీయండి. తడిసిన పనల మీద లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేస్తే మొలకలు తగ్గుతాయి.

వాట్సాప్‌లో వచ్చే మ్యాప్‌ని నమ్మేముందు దాని మీద తేదీ, టైము చూడండి. తుఫానుగా మారాక వాతావరణ శాఖ మూడు గంటలకోసారి బులెటిన్ ఇస్తుంది. నిన్నటి మ్యాప్ ఇవాళ పనికిరాదు.

తుఫాను రాకుండా పోతే మనకి పోయేది రెండు రోజుల కూలి. జవాద్ అప్పుడు ఉత్తరాంధ్రలో "అనవసరంగా హడావిడి పడ్డాం" అన్నవాళ్లున్నారు. ఆ మాట అనుకునే అదృష్టం నాకు 2023లో దక్కలేదు. ఈసారి ఫోన్ చేస్తే "ఎక్కడ దాటుద్ది" అని కాదు, "మనకెన్ని గంటలుంది" అని అడగండి.