పరపతి లెక్క, పరపతి అంకె

వెనుకటి రోజులలో తిరువళ్ళూరు జవుళి వర్తకుడు తిరుత్తణి వర్తకునికి తొలిసారి అరువుపై సరుకు పంపవలసి వచ్చినప్పుడు విచారణకు రెండు దారులుండెడివి. ఓపిక యున్నచో, ఆ ఆసామీతో లోగడ లావాదేవీలు జరిపిన అంగళ్ళకు పోయి, ఎంత సరుకు ఎత్తినాడు, ఎన్ని దినములకు పైకము చెల్లించినాడు అని వారి ఖాతాలనుబట్టి తెలిసికొనెడివాడు. తీరిక లేనిచో బజారులో పెద్దమనిషి నొకరిని అడిగి, "ఇయ్యవచ్చును" అన్న ఒక్కమాటపై మూట కట్టించెడివాడు. మొదటిది లెక్క, రెండవది ఆ లెక్క ఎరిగినవాని అభిప్రాయము. ఇప్పుడు బ్యాంకులవారు చూచెడి క్రెడిట్ రిపోర్టునకు, క్రెడిట్ స్కోరునకు గల భేదము ఇదియే.

వర్తక కుటుంబములలో ఈ రెండింటిని ఒకటిగా భావించువారు పలువురు. "స్కోరు 760 ఉన్నది" అని తృప్తిపడుదురు. ఆ అంకె ఏ ఖాతానుండి పుట్టినదో చూడరు. తీరా కుమారుని దుకాణమునకో, ఇంటికో అప్పు కోరినప్పుడు బ్యాంకు లేదనును, లేక వడ్డీ ఎక్కువ చెప్పును. పది లక్షల అప్పుపై ఏటికి నూటికొక రూపాయి వడ్డీ పెరిగినను మొదటి సంవత్సరమే సుమారు పదివేలు అదనపు భారము.

రిపోర్టు అనగా అప్పుల చరిత్ర. పేరు, పాన్ నంబరు, చిరునామాలు, ఏ బ్యాంకులో ఏ అప్పు ఎప్పుడు తీసికొన్నది, వాయిదాలు ఎన్ని దినములు ఆలస్యమైనవి, క్రొత్త అప్పు విషయమై ఏ బ్యాంకు విచారించినది, ఇవన్నియు అందులో నుండును. స్కోరు ఆ చరిత్రను ఒక సూత్రముతో గణించి తీసిన సంఖ్య. 300 నుండి 900 వరకు. ఇద్దరికి 700 వచ్చినను కారణములు వేఱు కావచ్చును. ఒకడు ఒక్క వాయిదాయు తప్పలేదు గాని క్రెడిట్ కార్డు పరిమితి నంతయు ప్రతినెల వాడుచున్నాడు. రెండవవాడు రెండేండ్ల క్రిందట మూడు వాయిదాలు తప్పినాడు. మొదటివాడు వాడకము తగ్గించినచో కొలది నెలలలోనే అంకె పెరుగవచ్చును. రెండవవానికి కాలమే మందు. అంకె మాత్రము చూచినవారికి ఈ తేడా తెలియదు.

దేశములో ఈ లెక్కలుంచు కంపెనీలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఇవి 2005 నాటి చట్టము క్రింద రిజర్వు బ్యాంకు అనుమతితో పనిచేయుచున్నవి. సిబిల్ 2000లోనే, అన్నిటికన్న ముందుగా ఏర్పడినందున జనులు ఏ కంపెనీ స్కోరునైనను "సిబిల్" అనియే పిలుతురు. అందుచేత ఒకచోట 770, మరొకచోట 735 కనబడినచో మోసము జరిగినదని కంగారుపడుదురు. మోసమేమియు లేదు. ఒక్కొక్క కంపెనీ సూత్రము వేఱు. బ్యాంకులు పంపిన వివరములు ఖాతాకెక్కు దినములును వేఱు. 2025 జనవరి 1 నుండి కనీసము పక్షమున కొకసారి వివరములు పంపవలెనను నియమము వచ్చినది. కావున పోయిన వారము తీర్చిన అప్పు ఒక ఖాతాలో తీరినట్లును, మరొకదానిలో మిగిలినట్లును కనబడవచ్చును.

ఈ ప్రాంతమున మరొక చిక్కు గలదు. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు మారినది. తిరువళ్ళూరు జిల్లా 1997లో ఏర్పడినది. పాత పత్రములలో ఒక జిల్లా, క్రొత్తవాటిలో ఒక జిల్లా. ఊరిపేరు ఇంగ్లీషులో వ్రాయుటలోనే పలు విధములు. దీనికితోడు జైన కుటుంబములలో ఒక పత్రమున గోత్రనామము, మరొకదానిలో "జైన్" అని యుండుట పరిపాటి. ఒకే పేరుగలవారు ఒకే బజారులో ఇద్దరు ముగ్గురుందురు. ఒకరి బాకీ మరొకరి రిపోర్టులో చేరుటకు, ఒకే మనిషి లెక్క రెండుగా చీలుటకు ఇంతకన్న ఏమి కావలెను? అన్ని అప్పు కాగితములలోను పాన్ కార్డులోనున్నట్లే పేరు వ్రాయించుట మేలు.

ఖాతాకెక్కనివి కూడ గలవు. తాకట్టు వ్యాపారులు 1943 నాటి చట్టము క్రింద లైసెన్సుపై ఇచ్చు అప్పులు, చేబదుళ్ళు, అంగడి అరువులు ఈ కంపెనీలకు చేరవు. ముప్పదియేండ్లు గడువు తప్పక నగలు విడిపించుకొన్నవాడైనను, వేరే అప్పు లేనిచో, బ్యాంకు దృష్టిలో చరిత్ర లేనివాడే. అదే నగలపై బ్యాంకులోనో, ఫైనాన్సు కంపెనీలోనో అప్పు తీసికొన్నచో అది ఎక్కును.

ఇక రాజీ సంగతి. బజారులో తగవు వచ్చిన బాకీని పెద్దల యెదుట తగ్గించుకొని తీర్చుట గౌరవమే. బ్యాంకుతో అట్లు తీర్చిన అప్పు రిపోర్టులో "క్లోజ్డ్" అని గాక "సెటిల్డ్" అని నిలుచును. అనగా పూర్తిగా చెల్లింపలేదని అర్థము. వందల రూపాయల కార్డు బాకీకి రాజీపడి లక్షల అప్పు పోగొట్టుకొనుట తెలివిగల బేరము కాదు. హామీ సంతకమును ఇట్టిదే: బావమరిది వాయిదా తప్పినచో అది హామీదారు రిపోర్టులోనూ కనబడును.

2017 నుండి ప్రతి కంపెనీయు ఏడాదికొకసారి పూర్తి రిపోర్టును స్కోరుతో ఉచితముగా ఇయ్యవలెను. తన రిపోర్టు తాను చూచుకొనుటవలన స్కోరు తగ్గదు. స్వల్పకాలములో పలు బ్యాంకులకు దరఖాస్తులు పెట్టినచో తగ్గును. దీపావళికి క్రొత్త ఖాతాలు తెఱచునప్పుడే నాలుగు రిపోర్టులు తెప్పించుకొని, ఇంటి కాగితములతో వరుసగా సరిచూచుకొనవచ్చును. తప్పు కనబడినచో కంపెనీకిని, అప్పిచ్చిన బ్యాంకునకును వ్రాతపూర్వకముగా తెలిపి, బాకీ లేదను పత్రము నకలు జతపరుపవలెను. ముప్పది దినములలో పరిష్కరింపనిచో, 2024 ఏప్రిల్ 26 నుండి అమలులోనున్న నియమము ప్రకారము, ఆపై దినమునకు నూరు రూపాయల చొప్పున పరిహారము రావలెను. అప్పటికిని పని జరుగనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చును; దానికి రుసుము లేదు.