గోడకు చెమ్మ ఎక్కడిది?

వానలు పట్టాయి. కోడలు పడుకునే గదిలో గోడ చెమ్మగిల్లింది. నేల నుంచి నడుం ఎత్తు దాకా తడి. సున్నం పెచ్చులుగా రాలుతోంది. తెల్లగా ఉప్పు పూసింది. గదంతా ముక్క వాసన. చంటిపిల్లకు దగ్గు.

పొదుపు సంఘంలో 3,000 రూపాయలు అప్పు తీసుకున్నారు. అత్తా కోడలూ కొట్టుకు వెళ్ళారు. కొట్టతను ఒక డబ్బా చూపించాడు.

"ఇది పూయండమ్మా. చెమ్మ మళ్ళీ రాదు" అన్నాడు.

అత్త కొంగుముడి విప్పబోయింది.

"ఆగండత్తయ్యా. దీని మీద ఏం రాశారో చూద్దాం" అంది కోడలు.

కూడబలుక్కుని చదివింది. "డాబా పైకప్పుకు వాడాలి. పొడిగా ఉన్నచోటే పూయాలి" అని ఉంది.

"మన గోడకు తడి కింద నుంచి వస్తోంది కదా! ఇదెందుకు?" అంది. కొనకుండానే తిరిగి వచ్చారు.

మేస్త్రీని పిలిచారు. ఆయన గోడంతా చూశాడు.

"తడి ఎక్కడుందో చూస్తే దారి తెలుస్తుందమ్మా. పైనుంచి దిగితే కప్పు కారుతున్నట్టు. మధ్యలో మరక ఉంటే బయట బీటో, నీళ్ళ గొట్టమో చూడాలి. కింద నుంచి ఎక్కితే అది నేల తడి" అన్నాడు.

బయటికి వెళ్ళి చూశారు. గోడవారన మట్టి పేరుకుంది. ఇంట్లో నేలకంటే ఎత్తయింది. అక్కడే అంట్లు తోముతున్నారు. ఆ నీళ్ళు గోడలోకి ఇంకుతున్నాయి.

"పునాది మీద నీరు ఎక్కకుండా కాంక్రీటు పొర వేయాలి. దాన్ని డి.పి.సి. అంటారు. ఈ ఇంటికి అది లేదు. అందుకని గోడ పక్కన నీళ్ళు నిలవనీయకూడదు" అన్నాడు మేస్త్రీ.

ఇంటిల్లిపాదీ మట్టి తవ్వి తీశారు. నీళ్ళు పోవడానికి కాలవ తీశారు. అంట్లు తోమే చోటు మార్చారు. దీనికి పైసా ఖర్చు కాలేదు. పిల్లను ఆస్పత్రిలో చూపించారు. గోడ ఆరేదాకా వేరే గదిలో పడుకోబెట్టారు.

ఎండలు వచ్చాయి. గోడ ఆరింది. ఉప్పు పట్టిన పాత పూత చెక్కించారు. బయటివైపు పూతకు సిమెంటులో కలిపే వాటర్‌ప్రూఫ్ పొడి కొన్నారు. కోడలు పొట్లం మీది రాత చదివింది. 50 కిలోల సిమెంటు బస్తాకు ఎంత కలపాలో అందులో ఉంది. అంతే కలిపించింది. లోపలి గోడకు సున్నమే వేయించారు. సున్నం వేసిన గోడలో తడి ఉన్నా ఆరిపోతుంది. తడి గోడకు ప్లాస్టిక్ పెయింటు వేస్తే బుడగలు లేచి ఊడిపోతుంది.

అప్పులో సగం డబ్బు మిగిలింది.

"నీ చదువు మన డబ్బు కాపాడిందే" అంది అత్త.

గుర్తుంచుకోండి

1. ముందు నీళ్ళ దారి కనుక్కోండి. తరువాతే మందు కొనండి.
2. ఎక్కడ వాడాలి, ఎంత కలపాలి, ఎప్పటిలోగా వాడాలి - ఈ మూడూ చదవండి.
3. సిమెంటులో కలిపే వాటర్‌ప్రూఫ్ మందుకు ఐ.ఎస్. 2645 అనే ప్రమాణం ఉంది. ఆ అంకె ఉందేమో చూడండి.
4. బిల్లు అడిగి తీసుకోండి.

ఆలోచించండి

మీ ఇంట్లో ఏ గోడకు చెమ్మ ఉంది? ఆ నీళ్ళు ఏ దారిన వస్తున్నాయి?