రంగు కొత్తదైతే చాలదు

కొత్త పిగ్మెంట్ తయారైంది. అయినా "ఈ మార్పు ఆ రంగంలోని నిపుణులెవరికైనా తట్టేదే" అంటూ పేటెంట్ నిరాకరించారు. మన దేశంలో ఇలాంటి అప్పీలు ఇప్పుడు హైకోర్టుకు వెళ్తుంది. అక్కడ ఓడితే ప్రచురితమైన ఆ రసాయన వివరాలను పోటీదారులు ఉచితంగా వాడుకోవచ్చు. మరి ఏం రుజువు చేయాలి?

ముందుగా, ఇప్పటికే తెలిసిన పిగ్మెంట్లలో దీనికి బాగా దగ్గరిదాన్ని ఎంచుకుని, రెండింటినీ పక్కపక్కన పరీక్షించాలి. కలర్ ఫొటోగ్రఫీ రసాయనాలకు సంబంధించిన టి 197/86 కేసులో ఐరోపా పేటెంట్ కార్యాలయ అప్పీళ్ల బోర్డు ఇదే చెప్పింది: మెరుగుదల కొత్త అంశం వల్లే వచ్చిందని పోలిక పరీక్ష చూపాలి.

ఉదాహరణకు, అణువులో క్లోరిన్ బదులు మిథైల్ గ్రూపు చేర్చితే ఎండకు రంగు వెలిసిపోవడం తగ్గిందనుకుందాం. రెండు పొడుల్లో రేణువుల పరిమాణం, కలిపిన రెసిన్, మోతాదు, వెలుతురు ఒకేలా ఉండాలి. పెద్ద రేణువులున్న పిగ్మెంట్ సాధారణంగా ఎండకు ఎక్కువ తట్టుకుంటుంది. రేణువుల్లో తేడా ఉంటే ఆ ఘనత అణువుదా, నూరిన తీరుదా అన్నది తేలదు. వాదన వీగిపోతుంది.

వంద సమ్మేళనాలపై హక్కు కోరి ఒక్క నమూనా చూపినా సాధారణంగా సరిపోదు. ఫలితం మెరుగ్గా ఉండటమే కాదు, పాత పేటెంట్లు, పరిశోధన పత్రాలు చదివిన నిపుణుడు ఊహించనిదై ఉండాలి.