మాదిరి పరీక్షలో మార్కులు తగ్గినప్పుడు



నీట్ పరీక్షకు ముందు వ్రాసిన మాదిరి పరీక్షలో 720 మార్కులకు 220 మాత్రమే వచ్చెనని ఒక ఆడబిడ్డ మాయొద్ద కన్నీరు పెట్టెను. రేపటినుండి మూడు గంటలకే లేచి చదివెదననెను. మేము వద్దంటిమి, ముందు ఆ జవాబుల కాగితము తెమ్మంటిమి.

180 ప్రశ్నలకును జవాబు పెట్టినది. 80 ఒప్పు, 100 తప్పు. ఒప్పునకు 4 చొప్పున 320 వచ్చెను. తప్పునకు 1 చొప్పున 100 పోయెను. తప్పులను మూడు కుప్పలు చేసితిమి: పాఠమే రానివి, వచ్చియు తొందరలో చెడినవి, ఊహించి పెట్టినవి. రెండవ కుప్పలో 20 ఉండెను. తప్పు ఒప్పయినయెడల పోయెడి 1 నిలుచును, పైగా 4 వచ్చును. అనగా ఒక్కొక్కదానికి 5 లాభము. క్రొత్త పాఠమొక్కటియు చదువకయే 100 మార్కులు!

ఆ 20 ప్రశ్నలను నోటుపుస్తకములో వ్రాసికొని, వారము గడచిన తరువాత జవాబు చూడక మరల చేయుమంటిమి. రాని పాఠములలో జీవశాస్త్రము ముందు పట్టవలెను. సగము ప్రశ్నలు, అనగా 90, అందులోనివే గదా. ఊహించి పెట్టెడివి పాఠము వచ్చినకొలది తగ్గును. మరుసటి మాదిరి పరీక్ష రెండు వారములు ఆగి వ్రాయవచ్చును. మొలకెత్తెనో లేదో యని దినదినము విత్తనము పెల్లగించి చూతుమా?

తండ్రి గుమ్మమునొద్ద నిలిచి వినుచుండెను. "అయ్యగారూ, మరి మూడు గంటలకు లేపమందురా?" అని అడిగెను. అయిదు చాలునంటిమి.