గూడుపడవయు గుడారమును

పఠనభాగములు: యిర్మీయా 29:1-7, యిర్మీయా 35వ అధ్యాయము, హెబ్రీ. 11:8-16

కలకత్తా నగరమునకు నైరుతి దిక్కున, హుగ్లీ నది యొడ్డున, మెటియాబ్రుజ్ అను పేట యున్నది. మెటియా అనగా మట్టి. బ్రుజ్ అనగా మన బురుజే. పూర్వము నదిని కాచుటకు అచ్చట నొక మట్టికోట యుండెడిదట. కోట పోయినది, పేరు మిగిలినది. దాని ప్రక్కనున్న గార్డెన్ రీచ్ తెలుగువారికి క్రొత్త కాదు. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయము అచ్చటనే యున్నది. 2003 వరకు వాల్తేరు డివిజను ఆ రైల్వేకే చెందియుండెను గనుక, ఉత్తరువుల కొరకును బదిలీల కొరకును ఆ ఊరివైపు చూచిన తెలుగు కుటుంబములు అనేకములు.

ఈ ఒక్క నదియొడ్డున రెండు విధములైన కాపురములు సాగినవి. వాటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినయెడల, మన పఠనభాగములు కొంత తేటపడును.

మొదటిది ఒక నవాబుగారిది. 1856 ఫిబ్రవరిలో ఈస్టిండియా కంపెనీవారు అవధ్ రాజ్యమును లాగికొనగా, నవాబు వాజిద్ అలీ షా లక్నోను విడిచి ఆ సంవత్సరము మే నెలలో కలకత్తా చేరెను. 1857 తిరుగుబాటు కాలమున ఆయనను ఫోర్టు విలియములో నిర్బంధించిరి. విడుదలైన తరువాత ఆయన మెటియాబ్రుజ్‌లో తాను పోగొట్టుకొనిన లక్నోను మరల కట్టుకొన మొదలిడెను. భవనములు, ఉద్యానవనములు, ఇమాంబాడాలు, జంతుశాల, సంగీతసభలు, వేలకొలది పరివారము! ముప్పది యేండ్లు అట్లు జీవించి, 1887లో ఆయన మరణింపగా, ఆ భవనములలో అధికభాగము కూల్చివేయబడెను. స్థలములు చేతులు మారెను. ఆయన సమాధియున్న సిబ్తైనాబాద్ ఇమాంబాడా మాత్రము నేటికిని నిలిచియున్నది.

రెండవది మాఝీలది, అనగా పడవవారిది. హుగ్లీ మీద సరకు మోయు నాటుపడవ నడుమ, వెదురుబద్దల తడికను విల్లువలె వంచి కట్టిన గూడు ఉండును. అందులో ఇద్దరు పండుకొనినయెడల మూడవవానికి కాళ్లు చాపుకొను చోటుండదు. వెనుక కొనయందు మట్టిపొయ్యి, ఒక అన్నపుకుండ, మంచినీళ్ల కడవ, ఉప్పు మిరపకాయల డబ్బా, చుట్టిపెట్టిన చాప. ఆ చాప పగలు పీట, రాత్రి పరుపు, వాన కురియునప్పుడు గూటినోటికి తెర. పల్లెలనుండి గడ్డియు, కుండలును, పెంకులును తెచ్చు మాఝీలు నెలల తరబడి ఆ గూటిలోనే వండుకొని, తిని, నిద్రించెడివారు. మెటియాబ్రుజ్‌లోని బిచాలీ ఘాట్ అను రేవు పేరులోని బిచాలీ అనగా వరిగడ్డి. వంతెనలును లారీలును వచ్చిన పిమ్మట అట్టి పడవలు చాల తగ్గిపోయినవి.

ఇట్టి కాపురము మన గోదావరి మండలములకును తెలిసినదే. 1836లో ఇంగ్లండునుండి వచ్చిన బౌడెన్, బీర్ దొరలు నరసాపురము ప్రాంతమున సువార్త సేవ నారంభించిరి. ధవళేశ్వరము ఆనకట్ట (1847-1852) కట్టబడి కాలువలు పారిన తరువాత, ఆ ప్రాంతపు మిషనరీలు గూడుపడవలలో ఊరూరికిని పోయి, పడవలోనే పండుకొని, గట్టుమీద బోధించెడివారు. నేడు అమెరికా మొదలగు దేశములలో మోటారుబండినే ఇల్లుగా చేసికొని సంవత్సరమంతయు అందులోనే కాపురముండువారు కలరు. కొందరు ఇష్టపడి అట్లుందురు. కొందరు అద్దె కట్టలేక అట్లుందురు.

ఈ చివరి మాటను మరువరాదు. ఇరుకు కాపురమును పొగడుట సుఖముగా కూర్చున్నవారికి సులభము. గార్డెన్ రీచ్‌లో సూరినామ్ ఘాట్ అను రేవొకటి యున్నది. 1873 ఫిబ్రవరిలో లల్లా రూఖ్ అను ఓడ కలకత్తానుండి ఒప్పందపు కూలీలను సూరినామ్ దేశమునకు మోసికొనిపోయి, జూన్ నెలలో అచ్చట దింపెను. ఫిజీకి మొదటి ఓడ లియోనిడాస్ 1879లో కలకత్తానుండియే వెడలెను. 1903 మొదలు మద్రాసు రేవునుండియు ఓడలు పోగా, వాటిలో తెలుగువారును ఉండిరి. ఓడ అడుగు అంతస్తులో నెలల తరబడి ఒకరి ప్రక్క నొకరు పండుకొనినవారిలో ఆ ఇరుకును కోరుకొనినవారెవరు? కనుక చిన్న యిల్లు దానంతట అదియే పరిశుద్ధత కాదు. చాలినంత ఇల్లు లేనివానికి ఇల్లు దొరకుటకు పాటుపడుట క్రైస్తవుని విధియని యెషయా 58:7 స్పష్టముగా చెప్పుచున్నది.

ఇప్పుడు యిర్మీయా గ్రంథమునకు వత్తము. 29వ అధ్యాయమున ప్రవక్త బబులోనులోని చెరవారికి ఉత్తరము వ్రాసి, ఇండ్లు కట్టుకొని కాపురముండుడనియు, తోటలు నాటుకొనుడనియు, ఆ పట్టణపు క్షేమము కొరకు ప్రార్థించుడనియు ఆజ్ఞాపించెను. 35వ అధ్యాయమున అదే ప్రవక్త, ఇండ్లు కట్టుకొనక, విత్తనములు విత్తక, గుడారములలోనే నివసించిన రేకాబీయులను యూదావారికి మాదిరిగా నిలువబెట్టెను. ఒక చోట ఇల్లు కట్టుమని, మరియొక చోట కట్టనివారిని మెచ్చుకొనుట ఏల?

రేకాబీయుల పితరుడైన యోనాదాబు యెహూ రాజు కాలపువాడు (2 రాజులు 10:15). యిర్మీయా వారిని పిలిచిననాటికి రెండు వందల సంవత్సరములకు పైగా గడచెను. అయినను వారు ఆ మాట తప్పలేదు. గమనింపుడు: దేవుడు మెచ్చుకొనినది గుడారపు గుడ్డను కాదు, తండ్రి మాటను గైకొనిన వారి విధేయతను (35:14). పైగా ఆ దినమున వారు యెరూషలేము పట్టణములోనే యుండిరి. కల్దీయుల సేనకు భయపడి లోపలికి వచ్చిరి (35:11). అవసరము వచ్చినప్పుడు పట్టణములో దాగుటకు వారికి అభ్యంతరము లేకపోయెను. కొందరు బోధకులు రేకాబీయులను చూపి, మేడ కట్టినవానినందరిని పాపులనుగా ఎంచుట ఈ వచనమును సరిగా చదువకపోవుటయే.

అట్లే బబులోను చెరవారు కట్టిన ఇండ్లకును ఒక హద్దు గలదు. డెబ్బది సంవత్సరములు నిండగా దేవుడు పిలుచును (29:10). అప్పుడు ఆ ఇంటిని విడువవలెను. ఎజ్రా కాలమున తిరిగివచ్చినవారు కొందరే. ఇల్లు కట్టుట సులభమాయెను గాని, కట్టిన యింటినుండి లేచుట కష్టమాయెను! ఈ రెండు అధ్యాయములు ఒకే ప్రశ్న నడుగుచున్నవి: దేవుడు లెమ్మన్నప్పుడు లేవగలవా? గుడారమువాడు లేవగలడు, మేడవాడును లేవగలడు, కాని మేడవానికి సామాను ఎక్కువ.

సామాను విషయములో పడవవాని చదువు గొప్పది. బరువు పెరిగినకొలది పడవ అంచు నీటికి దగ్గరగును. హుగ్లీలో పోటు పెద్దదైనప్పుడు నీరు గోడవలె ఎగువకు వచ్చును. దానిని బెంగాలీలు బాన్ అందురు. అట్టి దినమున అంచు అంగుళము తక్కువైనను ప్రాణాపాయమే. కనుక ఒక వస్తువును పడవలోనికి ఎక్కించుటకు ముందు, ఇది లేక గడచునా యని మాఝీ చూచుకొనవలెను. మనము బజారునుండి తెచ్చి అటకమీద పడవేసిన వస్తువులను గూర్చి ఆ ప్రశ్నను ఎన్నడైన అడిగితిమా? హెబ్రీ. 12:1లో అపొస్తలుడు పాపముతో పాటు భారమును వేరుగా పేర్కొనెను. పాపము కానిదియు భారము కావచ్చును.

ఇరుకున కోపమును దాచుటకు గది లేదు. తలుపు దబాలున వేసికొని లోపల మూడు దినములు మౌనముగా నుండుట మన యిండ్లలో చెల్లును, పడవలో చెల్లదు. గడ వేయువాడును చుక్కాని పట్టువాడును మాటలాడుకొననియెడల పడవ ఒడ్డుకు కొట్టుకొనును. సూర్యుడస్తమించువరకు కోపము నిలువరాదన్న హెచ్చరికను (ఎఫెసీ. 4:26) వారు చదువకపోయినను, ఆచరింపక తప్పదు. గదులు పెరిగిన తరువాత మన కుటుంబ ప్రార్థనలు తరిగినవి గదా!

మరియొకటి, కనిపెట్టుట. హుగ్లీలో దినమునకు రెండుసారులు పోటు, రెండుసారులు ఆటు. ఎగువకు పోవువాడు పోటు కొరకును, దిగువకు పోవువాడు ఆటు కొరకును లంగరు వేసికొని కూర్చుండును. తొందరపడి ఎదురు తెడ్డు వేసినవాడు అలసిపోవును గాని సాగడు. సంఖ్యాకాండము 9:17-23 చదువుడు. మేఘము రెండు దినములు నిలిచినను, నెల నిలిచినను, ఏడాది నిలిచినను ఇశ్రాయేలీయులు నిలిచిరి. అది లేచినప్పుడు లేచిరి. గుంజలు పాతి, త్రాళ్లు బిగించి, పొయ్యిరాళ్లు అమర్చుకొనిన మరునాడే మేఘము లేచినయెడల ఆ యింటి తల్లి ఏమనుకొనెనో! వాక్యము దానిని చెప్పలేదు. బదిలీ ఉద్యోగపు భార్యలకు అది తెలియును.

అతిథిని గూర్చి ఒక్క మాట. అబ్రాహాము గుడారము ఎంత పెద్దదో మనకు తెలియదు గాని, ఆయన అతిథులను చెట్టుక్రింద కూర్చుండబెట్టెను (ఆది. 18:4, 8). చోటు చాలదని అతిథిని త్రిప్పి పంపలేదు; ఆరుబయటనే విందుశాలగా చేసెను. మా యిల్లు చిన్నది, ఎవరిని పిలువగలమని చెప్పు సంఘస్థులు ఆ చెట్టును జ్ఞాపకముంచుకొందురు గాక.

ఆ అబ్రాహాము వాగ్దాన దేశములో కొనిన భూమి యెంత? భార్య మరణించినప్పుడు, హిత్తీయుడైన ఎఫ్రోను యొద్ద నాలుగు వందల తులముల వెండి తూచి ఇచ్చి, మక్పేలా పొలమును సమాధి కొరకు కొనెను (ఆది. 23). బ్రతికినవారికి గుడారము, మృతులకు గుహ! మెటియాబ్రుజ్‌లో నవాబుగారి భవనములు పోయి సమాధి నిలిచినట్లే, హెబ్రోనులో మిగిలినదియు సమాధియే. అయినను హెబ్రీ. 11:10 ప్రకారము అబ్రాహాము కనిపెట్టినది పునాదులుగల పట్టణము కొరకు. గుడారమునకు పునాది యుండదు గనుక, పునాది విలువ ఆయనకు బాగుగా తెలిసియుండును.

నవాబుగారి ప్రవాసమును గూర్చి ఒకటి చెప్పక విడువరాదు. మెటియాబ్రుజ్ నేడు భారతదేశమంతట పేరుపొందినది దర్జీ పనివలన. లక్నోనుండి ఆయన వెంట వచ్చిన దర్జీలతో ఆ పని అచ్చట వేరూనెనని చెప్పుదురు. ఇప్పటికిని ఇరుకు గదులలో కుట్టుమిషనులు నడచుచునే యున్నవి. ఆ పిల్లల బట్టలు మన పండుగల అంగడులకును వచ్చును. మేడలకంటె సూది యెక్కువ కాలము నిలిచినది.

సూది పట్టిన అపొస్తలుడొకడు మనకును గలడు. కొరింథులో పౌలు అకుల ప్రిస్కిల్లల యింట దిగి, వారితో కలసి డేరాలు కుట్టెను (అపొ. కా. 18:3). ఒకటిన్నర సంవత్సరము ఆ పట్టణములో నుండెను గాని, స్వంత యిల్లు సంపాదించెనని వ్రాయబడలేదు. దేహమును గుడారముతో పోల్చి ఆయన వ్రాసినప్పుడు (2 కొరింథీ. 5:1) అది పుస్తకములలో చదివి నేర్చిన ఉపమానము కాదు, కుట్టు ఎక్కడ ముందుగా తెగునో ఎరిగిన పనివాని మాట. 2 తిమోతి 4:6లో తన మరణమును గూర్చి ఆయన వాడిన గ్రీకు పదము అనలూసిస్. విప్పుట అని దాని మూలార్థము. గుడారపు త్రాళ్లు విప్పి పయనమగుటకును, రేవున కట్టిన ఓడను విప్పుటకును ఆ మాటల కుటుంబమే చెల్లెడిది.

అట్లు వ్రాసిన చెరసాలనుండియే, కొన్ని వచనముల తరువాత, ఆయన తిమోతిని మూడు వస్తువులు అడిగెను: త్రోయలో కర్పు నొద్ద విడిచివచ్చిన అంగీ, పుస్తకములు, ముఖ్యముగా చర్మపు కాగితములు (4:13). చలికాలము రాకమునుపు రమ్మని కూడ వ్రాసెను (4:21).